అడవి నుంచి ఏలడం ఎట్లా: ఎల్ఫు సామ్రాజ్యం ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి తర్వాత: ముందు తలల లెక్క

కథల్లో ఎల్ఫులంటే మొనదేలిన చెవులు, వందల ఏళ్ళ ఆయుష్షు, అడవిలో కాపురం. వాళ్ళకొక రాజు ఉంటాడు, వెండి కిరీటం ఉంటుంది. ఆ రాజ్యానికి తిండి ఎక్కణ్ణుంచి వస్తుంది, పన్ను ఎవరు కడతారు, రాజు చెడ్డవాడైతే జనం ఏం చేస్తారు అన్న సంగతులు చాలా కథలు పట్టించుకోవు. నాకు మాత్రం అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది. అడవిలో ఉండే జనం, అడవిని నరకకుండా, చుట్టూ ఉన్న మైదానాలను ఏలగలరా? దీన్ని తేల్చుకోవడానికి ఒక ఆట తయారుచేస్తున్నాం. గుడ్డ మీద గీసిన పటం, గుర్తులకు చింతగింజలు, నోటుబుక్కులో నియమాలు. ఒకరు ఎల్ఫుల సభ తరఫున ఆడతారు. మిగతావాళ్ళు చుట్టూ ఉండే మనుషుల సంస్థానాలు. ఒక్కో రౌండు పదేళ్ళ కాలం.

ఆడేది నలుగురం. నేను, యూనివర్సిటీలో చరిత్ర చదివే మా తమ్ముడు, ఫారెస్టులో బీటు డ్యూటీ చేసి రిటైరైన మా మామ, శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే అక్క. తిరుపతిలో మా మిద్దె మీద ఆదివారం సాయంత్రాలు కూర్చుంటాం.

పటానికి నమూనా శేషాచలం. 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించిన ప్రాంతం దాదాపు 4,755 చదరపు కిలోమీటర్లు. ఎల్ఫుల అడవి అనగానే ఏడాదంతా మంచు, పాచి పట్టిన మానులు గుర్తొస్తాయి. మా ఎల్ఫులది అట్లాంటి అడవి కాదు. ఎర్రచందనం, జాలారి, వెదురు ఉండే పొడి అడవి. ఫిబ్రవరి వచ్చేసరికి ఆకు రాలిపోతుంది, వేసవిలో నిప్పుకు భయపడుతూ బతకాలి. ఈ అడవిని ఎంచుకున్నాక రాజ్యం స్వభావమే మారిపోయింది.

మొదటి లెక్క ఇది. వేట, తేనె, గడ్డలు, కాయల మీద మాత్రమే బతికే జనం సాధారణంగా చదరపు కిలోమీటరుకు ఒక్కరు కూడా ఉండరు. ఒక్కరు చొప్పున వేసుకున్నా శేషాచలమంత అడవిలో ఐదు వేల మందికి లోపే. అందులో పిల్లల్ని, ముసలివాళ్ళని తీసేస్తే విల్లు పట్టేవాళ్ళు పదిహేను వందలు. దీన్ని సామ్రాజ్యం అనలేం. ఒక పెద్ద పంచాయతీ అంతే.

కాబట్టి రెండు మార్పులు చేశాం. పటంలో అడవిని పదింతలు పెంచాం. రెండోది, ఎల్ఫులకు తిండిచెట్లు ఇచ్చాం. ఇది ఊహ మాత్రమే కాదు. ఫ్రాన్సు దక్షిణాన సెవెన్ (Cévennes) అనే కొండల్లో, కోర్సికా ద్వీపంలో జనం వందల ఏళ్ళు చెస్ట్‌నట్ పిండి తిని బతికారు. న్యూగినీ చిత్తడి నేలల్లో సాగో తాటి మాను ఒక్కటి కొడితే వంద కిలోలకు పైగా పిండి వస్తుంది. మన అడవికి చింత, ఇప్ప, నేరేడు, వెలగ, అడవిగడ్డలు వేసుకున్నాం. ఇక్కడ ఎల్ఫుల ఆయుష్షు బాగా పనికొచ్చింది. మనిషి ఒక మంచి చింతగింజను ఎంచి నాటితే, కొద్ది తరాల చెట్ల కాపు చూసేలోపే ఆయువు తీరిపోతుంది. ఆరేడు వందల ఏళ్ళు బతికేవాళ్ళు పది తరాల చెట్లను ఒకే చేత్తో ఎంచుకుంటూ పోవచ్చు. వాళ్ళ అడవి చూడటానికి అడవిలాగే ఉంటుంది, నిజానికి అదొక తోట. చదరపు కిలోమీటరుకు పదిమంది అనుకుంటే నాలుగున్నర లక్షలు దాటుతుంది. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి, చుట్టుపక్కల ఊళ్ళు కలిపితే ఉన్నంత జనం.

నాలుగున్నర లక్షల మందితో రాజ్యం కుదురుతుంది. యుద్ధం మాత్రం కుదరదు. ఎల్ఫులకు పిల్లలు తక్కువ, పెరిగి పెద్దవ్వడానికి డెబ్బై ఎనభై ఏళ్ళు పడుతుందని నియమం పెట్టుకున్నాం. అంటే యుద్ధంలో ఒక చింతగింజ పోతే అది మళ్ళీ బల్ల మీదికి రావడానికి ఎనిమిది రౌండ్లు. మనుషుల సంస్థానానికి రెండు రౌండ్లు చాలు. మొదటి ఆటలోనే ఇది అందరికీ అర్థమైంది. మామ ఎల్ఫుల తరఫున ఆడి, మూడు యుద్ధాలు గెలిచి, నాలుగో దానికి విల్లు పట్టేవాళ్ళు లేక కూర్చున్నాడు.

ఫిబ్రవరి: పన్ను ఎక్కడ దొరుకుతుంది

సామ్రాజ్యమంటే పన్ను. చరిత్రలో పెద్ద రాజ్యాలు ఎక్కువగా ధాన్యం మీద లేచాయి. వరి, గోధుమ, మొక్కజొన్న. కారణం సులభం. ధాన్యం ఒకేసారి పండుతుంది, కంటికి కనిపిస్తుంది, కళ్ళంలో కొలవొచ్చు, గాదెలో నిలవ ఉంటుంది. రాజుగారి మనిషి కళ్ళం దగ్గర నిలబడితే చాలు. అడవిగడ్డ భూమిలో ఉంటుంది. తేనె కొండచరియలో ఉంటుంది. ఎవరికెంత దొరికిందో ఎవరూ లెక్క కట్టలేరు. అందుకే మైదానపు రాజులకు అడవి ఎప్పుడూ తలనొప్పి. అశోకుడు పదమూడో శిలాశాసనంలో అడవి జనాలకు దయతో పాటు హెచ్చరిక కూడా వినిపిస్తాడు. సముద్రగుప్తుడి అలహాబాదు ప్రశస్తి ఆటవిక రాజులందరినీ సేవకులుగా చేసుకున్నానని చెప్పుకుంటుంది. అర్థశాస్త్రంలో అడవి సరుకుల మీద కుప్యాధ్యక్షుడు అనే అధికారి ఉంటాడు. ఏనుగుల కోసం ప్రత్యేకంగా అడవులు కాపాడాలని ఉంటుంది. అన్నిట్లోనూ మధ్యలో మైదానం, అంచున అడవి.

మా పటంలో ఇది తిరగబడాలి. మధ్యలో అడవి, అంచున మైదానం. మరి కిందివాళ్ళు పైవాళ్ళకు ఎందుకు కట్టాలి?

దీనికి జవాబు కోసం దూరం వెళ్ళక్కర్లేదు, మా మిద్దె మీదనుంచి చూస్తే చాలు. స్వర్ణముఖి పుట్టేది చంద్రగిరి వైపు కొండల్లో. అది తిరుపతి పక్కగా, శ్రీకాళహస్తి మీదుగా సముద్రానికి పోతుంది. దారి పొడవునా చెరువులు. ఒక చెరువు అలుగు పారితే కింది చెరువుకు నీళ్ళు. ఏ మడికయ్యకు ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసేవాణ్ణి మా వైపు నీరుగంటి అంటారు. ఊళ్ళో ఎవరి మాట చెల్లినా చెల్లకపోయినా, కరువు ఏడాది నీరుగంటి మాట చెల్లాలి. ఎల్ఫుల సామ్రాజ్యం అంటే ఒక పెద్ద నీరుగంటితనం అని ఆ రోజు రాసుకున్నా. వాగులు పుట్టే చోట కూర్చున్నవాడికి నేల ఆక్రమించే పని లేదు.

తమ్ముడు వెంటనే అడ్డం పడ్డాడు. "అన్నా, వాన కురిసేది ఎల్ఫులు చెప్తేనా? వాళ్ళు నీళ్ళెట్లా ఆపుతారు?"

మామ అందుకున్నాడు. "నీళ్ళు ఆపేదానికి కాదబ్బా, మట్టిని ఆపేదానికి అడవి కావాల. కొండ బోడిదైతే రెండు వానలకు చెరువు పూడిపోతాది. వచ్చే నీళ్ళన్నీ ఒక్క రాత్రిలో వచ్చి కట్ట తెంపుకోని పోతాయి. అడవుంటే అదే నీళ్ళు మెల్లిగా దిగతాయి."

2021 నవంబరు అందరికీ గుర్తొచ్చింది. ఆ వానలకు తిరుపతి వీధులే వాగులయ్యాయి, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. ఆ టెన్షన్ అనుభవించినవాళ్ళకు, వరద రాకుండా చూస్తానని మాట ఇచ్చేవాడికి ఎంత విలువ ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఇంకొక సంగతి కూడా నియమాల్లోకి రావాలి. చెట్లు నీళ్ళను నిలకడగా దింపుతాయి, కానీ అవి కూడా తాగుతాయి. దట్టమైన అడవి ఉన్న కొండ నుంచి ఏడాది మొత్తానికి కిందికొచ్చే నీళ్ళు కొంత తగ్గవచ్చు. అందువల్ల మైదానపు ఆటగాడికి న్యాయమైన ఫిర్యాదు ఒకటి దొరికింది: "మీ చెట్లు మా వాటా తాగుతున్నాయి." ఏలేవాడి చేతిలో ఉన్న మేలు మీదే ఏలబడేవాడికి అనుమానం ఉంటేనే రాజకీయం పుడుతుంది. ఈ నియమం చేర్చాక ఆట నిజంగా రుచెక్కింది.

పన్ను ధాన్యంలో తీసుకుంటే ఎల్ఫులకు కళ్ళం దగ్గర నిలబడే మనుషులు లేరు. కాబట్టి కొంత ఇనుము, ఉప్పు, గుడ్డ, మిగతాది పని రూపంలో. దక్షిణ అమెరికాలోని ఇంకా (Inca) సామ్రాజ్యం ఇట్లాగే పనిని పన్నుగా తీసుకునేది. రాత లేకపోయినా ముడులు వేసిన దారాలతో లెక్క నడిపింది. మా ఎల్ఫులు అడిగే పని ఒక్కటే: చలికాలం చివర్లో ప్రతి ఊరూ మనుషుల్ని పంపి ఫైర్ లైన్లు కొట్టాలి.

నిప్పు గురించి మామ చెప్పింది వింటే ఈ పని ఎందుకంత ముఖ్యమో తెలుస్తుంది. ఆకు రాలి, గడ్డి ఎండిపోయాక ఒక్క బీడీ ముక్క చాలు. 2014 మార్చిలో శేషాచలం అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు తెచ్చి నీళ్ళు చల్లాల్సి వచ్చింది. ఫైర్ లైన్ అంటే వెడల్పుగా గడ్డి, ఆకు చెక్కేసి, మంచు తడి ఉండగానే దాన్ని జాగ్రత్తగా కాల్చేసిన గీత. పెద్ద మంట అక్కడికొచ్చి తినడానికి ఏమీ లేక ఆగుతుంది. ఆటలో మైదానానికి ఉన్న అసలు ఆయుధం కత్తి కాదు, వేసవిలో అగ్గి. ఆ అగ్గిని ఆపే గీతలు కొట్టేది మైదానపు మనుషులే. ఒక ఊరు మనుషుల్ని పంపడం మానేసిందంటే అది తిరుగుబాటుకు మొదటి కబురు. ఉత్తరం అక్కర్లేదు, సైన్యం అక్కర్లేదు. జనవరిలో గీత మీద ఎవరు కనిపించలేదో చూస్తే చాలు.

మార్చి: గుడ్డ, కసీం, పటిక

పటం గుడ్డ మీద వేయాలన్నది మొదటి నుంచీ నా పట్టు. శ్రీకాళహస్తిలో అక్క ఇంటి వెనక పనిచేసిన రోజులు ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చినవి.

ముందు నూలు గుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరేయాలి. కరక్కాయలో వగరు ఉంటుంది, పాలలో కొవ్వు వల్ల రంగు పక్కలకు పాకదు. తర్వాత వెదురు కలం. పుల్ల చివర గుడ్డ, దారం చుట్టి, దాన్ని వేళ్ళతో నొక్కుతూ గీయాలి. కసీం అనే ఇనుప నీళ్ళ సిరాలో ముంచి గీస్తే ముందు ఏమంత కనిపించదు, చూస్తుండగానే నల్లబడుతుంది. ఎర్రగా రావాల్సిన చోట పటిక నీళ్ళు పూసి, ఎర్రరంగు ఇచ్చే చెట్టు వేర్లతో ఉడకబెడితే పటిక పూసిన చోట మాత్రమే రంగు పడుతుంది. నీలికి నీలిమందు, పసుపుపచ్చకు కరక్కపువ్వు. మధ్య మధ్యలో పారే నీళ్ళలో ఉతకాలి.

నేను అడవి అంచు గీస్తుంటే అక్క అడిగింది. "ఈ నలుపు ఎట్టొస్తాదో తెలుసా నీకు? తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రెండు మూడు వారాలు మాగబెట్టాల. ఆ నీళ్ళు ఉత్త గుడ్డ మీద గీస్తే నలుపు రాదు. కరక్కాయ తాగిన గుడ్డ మీదే వస్తాది."

అక్కడే కలం పక్కన పెట్టి నోటుబుక్కు తీశా. కరక్కాయ అడవిది. ఇనుము, బెల్లం మైదానానివి. రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా గీత పడదు. ఎల్ఫుల సామ్రాజ్యంలో ఒప్పందాలన్నీ ఈ సిరాతోనే రాయాలని నియమం పెట్టాం. ఎల్ఫులు గుడ్డ తెస్తారు, సామంతుడు కసీం తెస్తాడు. ఒక వైపు లేకుండా ఇంకో వైపు ఒప్పందం రాయడం కుదరదు, దొంగ ఒప్పందం పుట్టదు. ఆటలో దీన్ని రెండు రకాల గింజలతో చూపిస్తాం. నల్లగా వేయించిన చింతగింజ ఇనుముకు, తోలు తీసిన తెల్లగింజ కరక్కాయకు. రెండూ పక్కపక్కన పెడితేనే ఒప్పందం చెల్లుతుంది.

పటం పూర్తయింది. మధ్యలో కొండలు, వాటి నుంచి ఎనిమిది వాగులు, వాగుల వెంట చెరువులు, తూర్పున సముద్రం. కొండల మీద ఒక్క కోట కూడా లేదు. అడవి అంచు మాత్రం చుక్కలతో గీశాం, ఆట నడిచేకొద్దీ అది జరుగుతుంది కాబట్టి.

ఏప్రిల్: సామంతుల గొడవ

ఆ చుక్కల అంచు గురించి ఎక్కువ వాదన జరిగింది. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో రాజనీతి చెప్పే పద్యాలున్నాయి. సరిహద్దుల్లో అడవులు పెంచు, దేశం మధ్యలో ఉన్నవి కొట్టించు, అప్పుడు దొంగల బెడద ఉండదు అంటాడు కృష్ణదేవరాయలు. అడవి జనంలో తప్పులు వెతకడం మట్టిగోడను కడగడం లాంటిదని, ఎంత కడిగినా బురదే వస్తుందని కూడా అంటాడు. ఆయన మైదానంలో నిలబడి చూశాడు. కొండ మీద నుంచి చూసేవాళ్ళకు మొదటి సలహా చాలా ఉపయోగం. ఎల్ఫులు రాజ్యం పెంచడమంటే సరిహద్దులో అడవి నాటడమే.

దక్షిణాదిలో అడవి ఎంత బలమైన కోటో చెప్పడానికి 1801 చాలు. శివగంగ మరుదు సోదరుల్ని పట్టుకోవడానికి కాళయార్‌కోవిల్ అడవిలో కంపెనీ సైన్యం వారాల తరబడి చెట్లు నరుక్కుంటూ దారి వేసుకోవాల్సి వచ్చింది. మా చిత్తూరు వైపు పాలెగాళ్ళకు కూడా కొండలు, ముళ్ళకంపలే అండ. అందుకని ఆటలో సామంతుడిగా చేరిన ప్రతి సంస్థానం తన పొలిమేరలో ఒక పట్టీ అడవి నాటి పెంచాలి. మూడు రౌండ్లు, అంటే ముప్ఫై ఏళ్ళు, ఆ పట్టీ నిలిస్తే అక్కడి నేల ఎల్ఫుల రక్షణలోకి వస్తుంది. చుక్కల అంచు ముందుకు జరుగుతుంది.

సామంతుల్ని నిలబెట్టుకునే పద్ధతికి విజయనగరం నాయంకర విధానాన్ని తీసుకున్నాం. నాయకుడికి కొంత నేల అమరంగా ఇస్తారు, అతను కొంత సొమ్ము కట్టి, ఇంత సైన్యాన్ని సిద్ధంగా ఉంచాలి. మహానవమికి అందరూ రాజధానికి రావాలి. 1520 ప్రాంతంలో ఆ వేడుక చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ దాన్ని వివరంగా రాశాడు. రాజు బలంగా ఉన్నంతకాలం ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. 1565 యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు, అక్కణ్ణుంచి మా చంద్రగిరికి, తర్వాత వేలూరుకు జరిగింది. మధుర, తంజావూరు, జింజి నాయకులు మెల్లమెల్లగా ఎవరికి వారయ్యారు. 1639లో మద్రాసు పట్నానికి నేల ఇంగ్లీషు కంపెనీ చేతికి ఇచ్చింది దామెర్ల వేంకటాద్రి నాయకుడు. అంచున ఉన్న ఒక నాయకుడి ఒప్పందం, సముద్రం పక్కన కాస్త ఇసుక నేల. దాని ఫలితం అందరికీ తెలుసు.

మా ఆటలో సరిగ్గా ఇదే జరిగింది, ఎవరూ అనుకోకుండా. తూర్పు తీరాన సంస్థానం తమ్ముడిది. ఎల్ఫుల సభ రెండు రౌండ్లకు ఒకసారి, అంటే ఇరవై ఏళ్ళకొకసారి కూర్చుంటుంది. ఏడు వందల ఏళ్ళు బతికేవాళ్ళకు ఇరవై ఏళ్ళంటే మనకు రెండేళ్ళ లెక్క, తరచుగా కూర్చుంటున్నట్టే. కానీ ఆ మధ్యలో తీరంలో తాత పోయి మనవడు వచ్చాడు. సభ వాళ్ళు మాట్లాడిన మనిషి ఇప్పుడు లేడు. "నేను సంతకం పెట్టలేదు కదన్నా, మా తాత పెట్టినాడు" అని తమ్ముడు రేవును సముద్రం అవతలి వర్తకులకు ఇచ్చేశాడు. ఎల్ఫుల వైపున్న అక్కకు నమ్మిన మాట పోయినంత బాధ కలిగింది, ఎందుకంటే ఆ ఒప్పందం ఆమె స్వయంగా చేసుకుంది, ఆమె పాత్ర ఇంకా బతికే ఉంది.

నా దృష్టిలో ఎల్ఫుల రాజ్యంలో అన్నిటికన్నా లోతైన చిక్కు ఇదే. ఏలేవాడికి ఒప్పందం ఒక జ్ఞాపకం. ఏలబడేవాడికి అది ముత్తాతల నాటి కాగితం. ఇద్దరూ నిజాయితీగానే ఉంటారు, అయినా ఒకరికొకరు ద్రోహుల్లా కనిపిస్తారు. అందుకే కొత్త నియమం: సామంతుడి గద్దె మారిన ప్రతిసారీ ఒప్పందం కొత్తగా రాయాలి, మళ్ళీ కరక్కాయ గుడ్డ, మళ్ళీ కసీం. అంచుల్లో కాపు ఉండేది ఎల్ఫులు కాదు, మనుషులే. సభ తరఫున నిర్ణయం తీసుకునే అధికారం ఉన్న మనుషులు. వాళ్ళను నీరుగంట్లు అన్నాం. కొండ మీద వాళ్ళకు తొందర ఉండదు, కింద వాళ్ళకు ఆగే వీలుండదు. ఈ మధ్యవాళ్ళు లేకపోతే సామ్రాజ్యం రెండు వందల ఏళ్ళు కూడా నిలవదని ఆడి చూసి తేల్చుకున్నాం.

మే: జాతర వారం

తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం ఆట పెట్టుకోలేదు. ఆ వారం ఊరు ఊరంతా వేషాల్లో ఉంటుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు. పాలెగాడు ఆడవాళ్ళను హింసిస్తుంటే గంగమ్మ వాణ్ణి వెతుక్కుంటూ వేషాలు మార్చిందని, దొర వేషంలో ఉన్నప్పుడు వాడు బయటికొస్తే సంహరించిందని కథ. బండ వేషం వేసినవాళ్ళు ఎవరినైనా తిట్టొచ్చు, ఎదుటివాడు కోపం తెచ్చుకోకూడదు.

చిన్నప్పటి నుంచీ చూస్తున్న జాతరే. ఈసారి మాత్రం ఎల్ఫుల సభలో కుర్రవాళ్ళ గురించి ఆలోచిస్తూ చూశా. పెద్దవాళ్ళు వందల ఏళ్ళు కుర్చీలో ఉంటే, రెండు వందల ఏళ్ళవాడు కూడా అక్కడ పిల్లాడే. వాడి కోపం ఎటు పోవాలి? అందుకని ఎల్ఫులకూ ఏటా ఒక వారం ఉంది. ఆ వారం చిన్నవాళ్ళు సభ్యుల వేషం కడతారు, సభ జరిపి తీర్పులు చెప్తారు, తిడతారు. పెద్దవాళ్ళు వేషం లేకుండా కింద కూర్చుని వినాలి. వారం చివర ఆ తీర్పుల్లో ఒకదాన్ని నిజంగా అమలు చేయాలి. ఏది అమలు చేయాలో వేషగాళ్ళే ఎంచుతారు. ఆటలో ఈ నియమం ఎల్ఫుల ఆటగాడికి ఇబ్బందే, అయినా దీనివల్లే లోపలి తిరుగుబాటు గింజలు తగ్గుతాయి.

జూలై, ఆగస్టు: వెదురు గడువు

మిగిలిన పెద్ద ప్రశ్న: సభ్యుణ్ణి దించడం ఎట్లా? మనుషుల రాజ్యంలో చెడ్డ రాజు ముప్ఫై నలభై ఏళ్ళకు పోతాడు. ఎల్ఫు చక్రవర్తి చెడ్డవాడైతే ఐదు వందల ఏళ్ళు భరించాలి. అందుకే మా సామ్రాజ్యానికి చక్రవర్తి లేడు, సభే ఉంది.

ఇక్కడ ఉత్తర అమెరికా ఈశాన్య అడవుల్లోని హోడెనోషోనీ సమాఖ్య చాలా నేర్పింది. ముందు ఐదు జాతులు, పద్దెనిమిదో శతాబ్దంలో టస్కరోరా కలిసి ఆరు. యాభై నాయక పదవులు, ఒక్కో పదవికి ఒక పేరు. మనిషి పోయినా పదవి పేరు నిలుస్తుంది, కొత్తవాడు ఆ పేరు తీసుకుంటాడు. ఎవరిని కూర్చోబెట్టాలో, ఎవరిని దించాలో వంశపు తల్లులు నిర్ణయిస్తారు. జింక కొమ్ములు పదవికి గుర్తు, దించడమంటే కొమ్ములు తీసేయడం. ఆయుధం లేకుండా పెద్దమనిషిని కుర్చీ దింపే ఈ పద్ధతిని మేం దాదాపు అట్లాగే తీసుకున్నాం. మా సభ్యులు పేర్లు మార్చుకుని కూర్చుంటారు, దిగేటప్పుడు పాత పేరుతో ఇంటికెళ్తారు.

గడువు మాత్రం మా అడవి నుంచి వచ్చింది. వెదురు ఏళ్ళ తరబడి పూయదు. ముళ్ళ వెదురు దాదాపు నలభై అయిదేళ్ళకు, ఒక ప్రాంతంలో ఉన్నదంతా కలిసి పూసి, గింజ రాల్చి, చచ్చిపోతుంది. సభ్యుల పదవి వెదురు పూసేవరకే అని పెట్టాం. ఎవరూ గడువు పెంచలేరు, ఎవరూ దాచలేరు, కొండంతా చూస్తుంది. రాజ్యాంగంలో ఇంతకన్నా గట్టి మాట నేను రాయలేననిపించింది.

ఆడి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. వెదురు గింజ రాలితే ఎలుకలు విపరీతంగా పెరుగుతాయి. గింజ అయిపోయాక పంటల మీద పడతాయి. మిజోరంలో 1959లో ఇదే జరిగి కరువొచ్చింది. కరువు సాయం కోసం పుట్టిన సంఘమే తర్వాత మిజో నేషనల్ ఫ్రంట్ అయింది, 1966లో తిరుగుబాటు లేచింది. పైగా చచ్చిన వెదురు కొండ నిండా ఎండి ఉంటుంది, వేసవిలో అంతకన్నా మంచి పొయ్యి కట్టె లేదు. అంటే మా రాజ్యంలో ఎలుకలు, కరువు, అగ్గి ఉన్న ఏడాదే కుర్చీలన్నీ ఖాళీ. ఎల్ఫుల ఆటగాడు ఎంత బాగా ఆడినా ఆ రౌండులో రాజ్యం కుప్పకూలుతోంది.

దారి చూపింది మామ. "అడివిలో ఒకటే వెదురు లేదు కదా. గట్టి వెదురు వేరే, దాని కాలం వేరే." కర్రలకు వాడే ఆ గట్టి వెదురు పాతికేళ్ళ నుంచి నలభై అయిదేళ్ళ మధ్య ఎప్పుడైనా పూయవచ్చు. సగం కుర్చీలు ముళ్ళ వెదురుకు, సగం గట్టి వెదురుకు కట్టాం. రెండోదానికి పాచికలు వేస్తాం. రెండూ ఒకే రౌండులో పూసే ప్రమాదం ఇప్పటికీ ఉంది, దాన్ని అట్లాగే ఉంచాం. ఆ భయం ఉంటేనే సభ గాదెలు నింపి పెట్టుకుంటుంది, ఎలుకల్ని తినే గుడ్లగూబలు గుడ్లు పెట్టే తొర్రమానులను కొట్టడం నేరమని చట్టం చేస్తుంది.

అక్టోబరు: ప్రస్తుతం ఎక్కడున్నాం

చివరగా ఆడిన ఆట నలభై రౌండ్లు నిలిచింది, అంటే నాలుగు వందల ఏళ్ళు. ఎల్ఫులు ఆరు వాగుల మీద మాట చెల్లించుకున్నారు. ఉత్తరాన ఒక సంస్థానం ఫైర్ లైన్లకు మనుషుల్ని పంపడం మానేసి, చెట్లు నీళ్ళు తాగుతున్నాయన్న ఫిర్యాదుతో నీరుగంటిని తరిమేసింది. సభ యుద్ధం చేయకుండా ఆ వాగు పైన అడవిని చూసుకోవడం మానేసింది. మూడు రౌండ్లకు చెరువులు పూడి, ఆ సంస్థానం తిరిగొచ్చింది. ఇది న్యాయమేనా అని ఆట అయ్యాక చాలాసేపు వాదించుకున్నాం. చెరువు పూడితే ముందు మాడేది సంస్థానాధిపతి కాదు, చివరి మడికయ్య రైతు. అందుకే అడవి కాపు మానేసే శిక్ష వేయాలంటే సభ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలని, అంతకుముందు ఆ ఊరివాళ్ళు కొండెక్కి మాట్లాడే హక్కు ఉండాలని అక్క పట్టుబట్టి రాయించింది.

ఇంక మిగిలింది ఉప్పు. అడవిలో అన్నీ ఉన్నాయి, ఉప్పు లేదు. పటంలో తూర్పు తీరాన పులికాట్ లాంటి ఉప్పునీటి సరస్సు గీసి ఉంచాం గానీ, అక్కడి నుంచి కొండకు దారి ఇంకా వేయలేదు. ఆ దారి మూడు సంస్థానాల మీదుగా పోవాలి. ఏ ఒక్కరు అడ్డం పడినా ఎల్ఫులు చప్పిడి తినాల్సిందే. నీళ్ళు కిందికి పోయేటప్పుడు పైవాడిది పైచేయి, ఉప్పు పైకి వచ్చేటప్పుడు కిందివాడిది. సుంకం ఎంత, మోసే ఎద్దులు ఎవరివి, దారిలో మర్రిచెట్ల కింద దిగడానికి చోటు ఎవరు కాపాడాలి అన్నవి తమ్ముడు రాసుకొస్తానన్నాడు. గుడ్డకు కుడివైపు ఇంకో మూర అతకాలి. కరక్కాయ నీళ్ళు కలపడానికి అక్క శనివారం రమ్మంది.